బైపీసీ చదివి గణితం మరిచిపోయినవారు నీట్ ఫిజిక్స్‌ను ఎలా చదవాలి? హైదరాబాద్‌లో లాంగ్ టర్మ్‌లో చేరితే వస్తుందా?

చేరినా చేరకపోయినా, చేత్తో పట్టుకోనంతకాలం ఫిజిక్స్ రాదు. నేను దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి ఏడాదిపాటు లాంగ్ టర్మ్, అంటే నీట్ మళ్లీ రాయడానికి ఇచ్చే కోచింగ్, చదివాను. ఆ ఏడాది మొత్తం మీద నాకు కళ్లు తెరిపించింది మాత్రం బాలానగర్‌లో మా మామయ్య లేత్ షెడ్డులో గడిపిన ఒక మధ్యాహ్నం.

2018లో మొదటిసారి నీట్ రాశాను. ఫిజిక్స్‌లో 45 ప్రశ్నలకూ జవాబు పత్రంలో బుడగలు నింపాను. ఎంసెట్ రోజుల్లో నెగెటివ్ మార్కులు ఉండేవి కావు కాబట్టి, ఏదీ వదలకుండా నింపమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పి పంపారు. 17 ఒప్పు, 28 తప్పు. ఒప్పుకు నాలుగు చొప్పున 68 వస్తే, తప్పుకు ఒకటి చొప్పున 28 పోయి 180కి 40 మిగిలాయి. జీవశాస్త్రంలో వచ్చిన మార్కులు చూసి మురిసిపోయిన మా నాన్న ఈ నలభై చూసి ఆ పూట అన్నం తినలేదు.

ఆ పేపర్లో ఒక స్క్రూగేజి ప్రశ్న ఉంది, అంటే చిన్న వస్తువుల మందం, వ్యాసం కొలిచే పరికరం మీద. కనీసపు కొలత 0.001 సెంటీమీటరు, ప్రధాన స్కేలు మీద 5 మిల్లీమీటర్లు, వృత్తాకార స్కేలు మీద 25 గీతలు, సున్నా దోషం (ఏమీ పెట్టకుండా మూసినప్పుడు చూపించే తేడా) మైనస్ 0.004 సెంటీమీటరు. ఉక్కు గోళీ వ్యాసం ఎంత? 0.525 దాకా వచ్చాను. మైనస్ గుర్తు కనిపించగానే 0.004 తీసేసి 0.521 పెట్టాను. సరైన జవాబు 0.529. సూత్రం నాకు కంఠతా వచ్చు.

ఫలితాలు వచ్చిన వారంలో మామయ్య దగ్గరికి వెళ్లాను. షెడ్డులో లేత్ తిరుగుతోంది. పాలలా తెల్లగా ఉన్న కూలెంటు నీళ్లు ధారగా పడుతున్నాయి, ఇనుప తరుగు చుట్టలు చుట్టుకుని కింద రాలుతోంది. ఏ ప్రశ్న దగ్గర పోయిందని అడిగితే ఇది చెప్పాను. ఆయన చెక్క పెట్టెలోంచి తన పాత మైక్రోమీటర్ తీశాడు. మనం స్క్రూగేజి అనేది అదే. రెండు దవడలనూ గుడ్డతో తుడిచి, చివర ఉన్న చిన్న పిడిని తిప్పుతూ టిక్కుమనే దాకా మూసి నా కంటి ముందు పెట్టాడు. సున్నా గీత అసలు గీతను దాటి రెండు గీతల అవతల ఆగింది.

"చూడమ్మా, ఏమీ లేనప్పుడే ఇది రెండు గీతలు తక్కువ చెబుతోంది. పిన్ను పెట్టినప్పుడు కూడా తక్కువే చెబుతుంది. తక్కువ చెప్పేవాడి లెక్కకు మనం కలపాలా, తీసెయ్యాలా?"

కలపాలి. దానికి సూత్రం ఎందుకు?

తరువాత చేతికి ఒక పిన్ను ఇచ్చి కొలవమన్నాడు. 2.28 మిల్లీమీటర్లు అన్నాను. ఆయన మళ్లీ చూడమన్నాడు. మళ్లీ 2.28 అన్నాను. అప్పుడు అడ్డగీత కింద ఉన్న చిన్న గీత మీద గోరు పెట్టి చూపించాడు. అది అర మిల్లీమీటరు గీత. మేం లెక్కల్లో చేసినవన్నీ చుట్టూ వంద గీతలు ఉండి, ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు జరిగేవి. ఆయన పనిముట్టు మీద యాభై గీతలే, ఒక చుట్టుకు అర మిల్లీమీటరు. అంటే చదవాల్సింది 2.78, ఆ రెండు గీతలు కలిపితే 2.80. "నువ్వు చెప్పిన కొలతకు చేసి పంపితే కంపెనీవాళ్లు సరుకంతా వెనక్కి కొడతారు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి. రెండేళ్ల ఇంటర్మీడియట్‌లో నేను స్క్రూగేజి పట్టుకున్నది ఒక్కసారి, అదీ ప్రాక్టికల్ పరీక్ష రోజున. అంతదాకా అది బీరువాలో తాళంలో ఉంది. రికార్డు పుస్తకం సీనియర్ అక్కది చూసి రాశాను. ఫిజిక్స్ ప్రాక్టికల్‌కు 30కి 30 వేశారు! ఆ ముప్పై నాకు చేసిన మేలు ఏమీ లేదు. పిల్లల చేతికి పరికరం ఇవ్వకుండా మార్కులు ఇచ్చే పద్ధతి తల్లిదండ్రులను మోసం చేయడమే అని నేను గట్టిగా నమ్ముతాను. పైగా "బైపీసీ వాళ్లకు ఫిజిక్స్ రాదు" అని మొదటి రోజే అనేస్తారు, ముఖ్యంగా ఆడపిల్లలతో.

ఇంటికి వచ్చి ఆ 28 తప్పులనూ నోటు పుస్తకంలో రాసుకుని, ఒక్కోదాని పక్కన ఎందుకు పోయిందో రాశాను. పదకొండు ప్రశ్నలు ప్లస్ మైనస్ గుర్తు తప్పు, యూనిట్ల తప్పు, ప్రశ్న సగమే చదవడం వల్ల పోయినవి. పాఠం తెలియక పోయినవి కావు. ఏడాదంతా ఆ పుస్తకమే నా గురువు.

గణితం గురించి భయపడకండి. కావలసింది కొంచెమే: 0, 30, 45, 60, 90 డిగ్రీల సైన్, కాస్ విలువలు, పది ఘాతాలు, తేలికపాటి అవకలనం (డిఫరెన్షియేషన్), అన్నిటికంటే ముఖ్యంగా నిష్పత్తి. నీట్‌లో కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి చాలా లెక్కలు నిష్పత్తితోనే తేలిపోతాయి. లోలకం పొడవు నాలుగు రెట్లయితే ఆవర్తన కాలం రెట్టింపు, అంతే. గురుత్వ త్వరణం విలువ వేసి, వర్గమూలం తీసి రెండు నిమిషాలు పోగొట్టుకోనక్కరలేదు. 2025లో ఐచ్ఛిక ప్రశ్నలు తీసేసి మళ్లీ 180 నిమిషాలకు 180 ప్రశ్నలు చేశారు. ఆ ఏడాది ఫిజిక్స్ చూసి ఎంతమంది పిల్లలు కుదేలయ్యారో మీకూ తెలుసు.

2019లో ఫిజిక్స్‌లో 36 ప్రశ్నలే పెట్టాను. 31 ఒప్పు, 5 తప్పు, 119 మార్కులు. సీటు వచ్చింది.

కాబట్టి ఫీజు కట్టే ముందు మీ పాత పేపర్లు తీసి, ఒక్కో తప్పు పక్కన కారణం రాయండి. పాఠమే తెలియక పోయినవి సగానికి మించి ఉంటే లాంగ్ టర్మ్‌లో చేరండి. లేకపోతే ఆ డబ్బు ఇంట్లోనే ఉండనివ్వండి, ఒక స్క్రూగేజి, ఒక వెర్నియర్ కాలిపర్స్ కొనుక్కోండి. బాలానగర్ వైపు వెళ్లే వీలుంటే ఏదైనా లేత్ షెడ్డులో అడగండి, పని తెలిసినవాళ్లు కాదనకుండా చూపిస్తారు.