పిల్లల మాటలు అర్థం కావడం లేదా? మా ఇంటి పులిహోర సంగతి వినండి

ఇంటర్ చదివే మీ అబ్బాయి స్నేహితులతో మాట్లాడే తెలుగు అర్థం కావడం లేదనీ, అవి బూతులేమోనని భయంగా ఉందనీ రాశారు. రెండేళ్ల క్రితం నాదీ అదే అవస్థ.

మావాడు బీటెక్‌లో చేరిన కొత్తలో ఒకరోజు ఫోనులో "వాడు ఇప్పట్లో రాడు, క్యాంటీన్‌లో పులిహోర కలుపుతున్నాడు" అంటుంటే విన్నాను. పాపం, ఎవరి పిల్లవాడో వంటపని చేసుకుంటూ చదువుకుంటున్నాడని జాలిపడ్డాను. "వేడన్నంలో ముందే పసుపు, నూనె కలపమని చెప్పు, మెతుకు విడివిడిగా ఉంటుంది" అని సలహా కూడా ఇచ్చాను. మావాడు ఫోనును చేత్తో మూసి బాల్కనీలోకి పరుగెత్తాడు. తీపి మాటలతో అమ్మాయిని ఆకట్టుకోవాలని చూడటాన్ని అలా అంటారని రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి చెప్పింది.

ఆ కలిపే కుర్రవాడే దసరా సెలవుల్లో మా ఇంటికి వచ్చాడు. ఆ రోజు మా అత్తగారు అసలు పులిహోర చేశారు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని "బామ్మగారూ, అరాచకం!" అన్నాడు. ఆవిడ ముఖం వాడిపోయింది. "ఉప్పెక్కువైందా నాయనా?" అన్నారు. అది మెచ్చుకోలని ఆవిడను నమ్మించడానికి అతను మూడుసార్లు వడ్డించుకోవలసి వచ్చింది.

అరాచకం, కత్తి, కేక... అన్నీ మన మాటలే, అర్థమే తిరగబడింది. మన వయసులో మనం "సినిమా అదిరింది" అనలేదా? అదరడమంటే భయంతో ఉలిక్కిపడటమే కదా! అందుకే నిఘంటువు పక్కన పెట్టి, ఆ మాట ఎవరితో, ఏ ముఖం పెట్టి అంటున్నాడో చూడండి. అప్పటికీ తెలియకపోతే అడిగేయండి, స్నేహితుల ముందు మాత్రం వద్దు. నేనైతే పాల లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసుకుంటాను.

రంగునో, కులాన్నో, అవిటితనాన్నో వెక్కిరించే మాటలు కూడా వీటి మధ్య దూరి వస్తాయి. "ఇదే మాట ఆ పిల్లవాడి తల్లి ముందు అనగలవా?" అని అడుగుతాను. అక్కడ మాత్రం నేను నవ్వను.

పిల్లల ఈ కొత్త మాటలను మీరు వాడబోకండి. మేనకోడలి పెళ్లి ఫొటోలు చూసి బంధువుల గ్రూపులో "కేక" అని పెట్టాను. "అమ్మా, అది ఎప్పుడో పాతబడిపోయింది, తీసేయ్" అని మావాడు విడిగా సందేశం పంపాడు.

ఇంగ్లిషు నుంచి దిగేవి ఇంకో తంటా. 'రిజ్' అనే మాటను 2023లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఆ ఏటి మేటి పదంగా ఎంచుకుంది. 'కరిజ్మా'లో నడిమి ముక్క తుంచితే వచ్చిందట. అవతలివారిని మాటతో, తీరుతో ఆకర్షించే నేర్పు అని మావాడు పావుగంట వివరించాడు. పుస్తకంలో దాని ఎదురుగా "పులిహోర బాగా కలపగలగడం" అని రాసుకున్నాను. వాడు ఆ పేజీని ఫొటో తీసి స్నేహితులందరికీ పంపాడు.