ఆరో పేజీలో దొరికిన దొంగ

తమ్ముడూ,

మాయమైన మలేషియా విమానం మీద నువ్వు రాసిన కథ బతుకమ్మ సెలవుల్లో రెండుసార్లు చదివిన. పాత విమానాశ్రయం ఉన్నా నీ ఈడువాళ్లెవరూ విమానం దిగగా చూడని మామునూరులో పెరిగి, కాక్‌పిట్ సంగతులు బాగానే సేకరించావు. ఐదు పేజీలు ఆపకుండా చదివించాయి. ఆరో పేజీలో పైలట్‌ను దోషిని చేసేశావు. అక్కడ పంటి కింద రాయి పడింది.

2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయల్దేరి దారిలో మాయమైన ఆ విమానం, ఎంహెచ్ 370లో 239 మంది ఉన్నారు. విమానాన్ని ఎవరో స్వయంగా నడిపి దారి మళ్లించారని మలేషియా 2018 నివేదిక చెప్పింది. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం తేల్చలేకపోయింది, బయటివాళ్ల ప్రమేయాన్నీ కొట్టిపారేయలేదు. నువ్వేమో ఒక్క పేరాలో తేల్చావు. కథే కదా అంటావు. మరి తేదీ, విమానం నంబరు అసలువే ఎందుకు పెట్టినట్టు? ఆ పైలట్‌కూ పెళ్లాం పిల్లలున్నారు.

కాక్‌పిట్ నుంచి వచ్చిన చివరి మాట 'ఆల్‌రైట్, గుడ్‌నైట్' అని రాశావు. మొదట అధికారులు చెప్పిందీ అదే. ఆ 'ఆల్‌రైట్'లో జనం ఎన్ని అర్థాలు లాగారో! మూడు వారాలకు సవరించారు: 'గుడ్‌నైట్ మలేషియన్ త్రీ సెవెన్ జీరో'. అనని మాట మీద అన్ని రోజుల పంచాయితీ.

జగిత్యాల దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఒకామె కొడుకు దుబాయ్ పోయి మళ్లీ ఫోన్ చేయలేదు. జైల్లో ఉన్నాడని ఒకరు, అక్కడే పెళ్లి చేసుకున్నాడని ఇంకొకరు. ఆమె ఇవన్నీ వింటూ బీడీలు చుట్టేది. బ్యాటరీ ఉబ్బి, రబ్బరు బ్యాండు వేసిన బటన్ ఫోన్ ఒళ్లోనే ఉండేది. కొత్తది కొనిస్తామని, మంచి ఆఫర్ ఉంది సిమ్ కూడా మార్చుకొమ్మని మనవడు ఎంత చెప్పినా, "నంబరు మారిస్తే వాడు దేనికి చేస్తడు?" అంది. మేం మళ్లీ ఆ మాటెత్తలేదు.

2015 జూలైలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ విమానం రెక్క ముక్కకు నువ్విచ్చింది అర వాక్యం. సముద్రపు గుల్లలు అతుక్కుని, తీరం శుభ్రం చేసేవాళ్ల కంటపడింది. ఆ వార్త విన్న రాత్రి, ఇంకా ఎదురుచూస్తున్న ఒక ఇంట్లో ఎవరు అన్నం తిన్నారు, ఎవరు తినలేదు? కథను అక్కడికి తీసుకుపో. దొంగను వదిలెయ్.

ఆరో పేజీ నుంచి మళ్లీ రాసి పంపు. ఈసారి అక్షరాలు పెద్దగా రాయి, నాకు చత్వారం ముదిరింది.

మీ అన్న,
హనుమకొండ