మార్ఫిన్ బీరువా తాళం నా చేతికిచ్చారు, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

నర్సింగ్ హోమ్‌లో చేరగానే మార్ఫిన్, ఫెంటానిల్ (మత్తు కలిగించే బలమైన నొప్పి మందులు) ఉన్న బీరువా తాళం మీకిచ్చారనీ, లెక్క తేడా వస్తే జైలేనని అందరూ భయపెడుతున్నారనీ రాశారు. క్యాన్సర్ వార్డులో ఏళ్ల తరబడి ఆ తాళం చూసుకున్నదాన్ని, నాకు తెలిసింది చెప్తాను.

ముందు మీ హాస్పిటల్‌కి ఈ మందులు ఉంచుకునే గుర్తింపు ఉందో లేదో అడగండి, ఆ ఉత్తర్వు కాపీ కళ్లారా చూడండి. మత్తుమందుల్ని నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చాక, లైసెన్సుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగలేక చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. నొప్పితో అల్లాడింది రోగులు. 2014 సవరణ తర్వాత మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్‌లకు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఇచ్చే ఒక్క గుర్తింపు చాలు.

ఇక లెక్క. నేను చూసినంతలో తేడా వచ్చేది ఎక్కువగా సగం వాడిన ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు సీసా) దగ్గరే. 2 ఎం.ఎల్. ఫెంటానిల్ ఆంప్యూల్‌లో 100 మైక్రోగ్రాములుంటాయి. డాక్టర్ 60 ఇమ్మన్నారు, ఇచ్చారు. మిగతా 40 ఏమైంది? కేస్ షీట్‌లో 60, రిజిస్టర్‌లో ఒక ఆంప్యూల్ అని మాత్రమే ఉంటే ఆ 40కి జవాబు చెప్పాల్సింది మీరే. పారబోసేటప్పుడు ఇంకో సిస్టర్ గానీ డాక్టర్ గానీ పక్కనే ఉండాలి. ‘ఇచ్చింది 60, పారబోసింది 40’ అని టైముతో సహా అప్పటికప్పుడు రాసి ఇద్దరూ సంతకం చేయాలి. కళ్లతో చూడనిదానికి సాక్షి సంతకం పెట్టమని ఎంత సీనియర్ అడిగినా పెట్టకండి. ఖాళీ ఆంప్యూల్స్ కూడా లెక్కపెట్టి అప్పజెప్పండి.

డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ కలిసి బీరువా తెరిచి లెక్కపెట్టాలి, రిజిస్టర్ చూసి సరే అనుకోవడం కాదు. తప్పు రాస్తే వైట్‌నర్ వద్దు. ఒక గీత కొట్టి పక్కన సంతకం చేయండి.

ఆపరేషన్లలో మత్తుకిచ్చే కెటమిన్ ఎక్స్ షెడ్యూల్ (కఠిన నియంత్రణ ఉన్న మందుల జాబితా) మందు, అదీ తాళంలోనే ఉండాలి. ట్రమడాల్‌ని మామూలు నొప్పి ఇంజెక్షన్ అనుకుని ట్రేలో వదిలేస్తుంటారు, 2018 నుంచి అదీ ఎన్‌డీపీఎస్ కిందే ఉంది.

తాళం ఇంటికి తీసుకెళ్లకండి, డ్యూటీలో ఉన్నవాళ్ల దగ్గరే ఉండాలి. అర్ధరాత్రి నొప్పితో మెలికలు తిరిగే మనిషికి, తాళం దొరకలేదని డోసు ఆలస్యం కాకూడదు.