వండి పెట్టాలని ఉంది, పిలవాలంటే భయం

ప్రశ్న: ఉద్యోగం కోసం మా కుటుంబం విదేశంలో ఉంటోంది. ఇక్కడి స్నేహితులు మమ్మల్ని చాలాసార్లు భోజనానికి పిలిచారు. మేం ఒక్కసారీ పిలవలేదు. ఆఫీసులో నేను లంచ్ బాక్స్ తెరిచినప్పుడు ఒకావిడ లేచి కిటికీ తీసింది. అప్పట్నుంచి మన వంట వాళ్ళ ముందు పెట్టాలంటే టెన్షన్. మావారు "వాళ్ళు తినేదే బయట్నుంచి తెప్పిద్దాం, పరువు దక్కుతుంది" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వండి పెట్టండి. మీ ఉత్తరంలో భయం కన్నా ఆ కోరికే నాకు బలంగా కనిపించింది.

కిటికీ తీసినావిడ మనసులో ఏముందో మనకు తెలియదు. అలవాటు లేని వాసన ఎవరికైనా మొదట ఘాటుగానే తోస్తుంది. ఒకవేళ ఆమె మిమ్మల్ని చిన్నబుచ్చాలనే అలా చేసి ఉంటే ఆ తప్పు ఆమెది. అందుకు మీతో ప్రేమగా ఉన్నవాళ్ళను దూరం పెట్టడం ఎందుకు?

అందర్నీ ఒకేసారి పిలవకండి. బాగా చనువున్న ఒక స్నేహితురాలిని పిలవండి, అదీ వంట మొదలుపెట్టే వేళకే రమ్మనండి. వండేసిన పదార్థాన్ని తెచ్చి ముందు పెడితే అందులో ఏముందో తెలియక జంకుతారు. ఉల్లిపాయలు తరిగి, దినుసులు వేగుతుంటే పక్కనే నిలబడి "ఇదేంటి, అదెందుకు" అని అడిగిన మనిషికి ఆ కొత్తదనం సగం అక్కడే పోతుంది. మీకూ పరీక్ష రాస్తున్నట్టు ఉండదు. పండగ వంట వద్దు, చేయి తిరిగిన రోజువారీ వంటే చేయండి.

పిలిచేటప్పుడే "మీకు పడనివి ఏమైనా ఉన్నాయా?" అని తప్పకుండా అడగండి. ఇందులో మొహమాటం పనికిరాదు. వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు, పాలు, గోధుమ లాంటివి కొందరికి ఎలర్జీ. కొందరి విషయంలో రవ్వంత తగిలినా ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి గరిటెలు కూడా కలవకూడదు. పొడుల ప్యాకెట్ల మీద ఏం రాసి ఉందో చదవండి. మాంసం తినరా, మతపరంగా వద్దనుకునేవి ఉన్నాయా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.

కారం బాగా తగ్గించి, కావలసినవాళ్ళకు విడిగా పెట్టండి. ఎవరికైనా నోరు మండితే నీళ్ళు ఇవ్వకండి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ అనే పదార్థం నీళ్ళలో సరిగా కరగదు. పాలో పెరుగో ఇవ్వండి. వాళ్ళ కోట్లు వేరే గదిలో పెడితే వాసన పట్టదు.

ఇక కొసరి కొసరి వడ్డించకండి. కొంచెమే పెట్టి, మళ్ళీ కావాలంటే వాళ్ళనే వేసుకోనివ్వండి. కొత్త రుచి నచ్చడానికి చాలామందికి కొన్నిసార్లు తినాల్సి వస్తుంది. ఒక ముద్ద తిని ఆపేస్తే వాళ్ళు వద్దన్నది ఆ పదార్థాన్నే, మిమ్మల్ని కాదు.

మీవారి సంగతి నాకు ఇంకా ముఖ్యం. పరువు అనే మాట ఊరికే రాదు. ఆయనకూ ఎక్కడో ఎవరో ఏదో అని ఉండొచ్చు, మీకు చెప్పి ఉండకపోవచ్చు. వాదనకు దిగకుండా "మీకేమైనా ఇబ్బంది ఎదురైందా?" అని అడిగి, చెప్పేదాకా ఆగండి. ఆయనకు ఇంకా బెరుగ్గా ఉంటే మొదటిసారి మీ స్నేహితురాలితో మీరొక్కరే వండుకుని తినండి. తర్వాతి సారి ఎవరిని పిలవాలో ఆయన్నే చెప్పమనండి.