చలికి బీపీ పెరిగిందని మాత్ర డబుల్ చేసుకున్నా, రాత్రి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి.. ఏం చెయ్యాలి డాక్టర్?

ప్రశ్న: నాకు 72 ఏళ్లు, మా ఆవిడకి 67. బ్యాంకులో చేసి రిటైర్ అయ్యాను. షాద్‌నగర్ వైపు ఓ సీనియర్ సిటిజన్స్ కమ్యూనిటీలో మూడేళ్లుగా ఉంటున్నాం, అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఎప్పుడూ 130/80 ఉండే నా బీపీ డిసెంబర్ నుంచి 155, 160 చూపిస్తోంది. పొద్దున్నే 5 గంటలకి వాకింగ్ చేసి, క్లబ్ హౌస్‌లో కాఫీ తాగి, అక్కడి మెషీన్ మీదే చూసుకుంటాను. తోటివాళ్లు చెబితే రోజూ వేసుకునే టెల్మీసార్టన్ 40 మాత్ర పదిహేను రోజుల్నుంచి రెండు వేసుకుంటున్నా. ఇప్పుడు రాత్రి మూడింటికి బాత్‌రూమ్‌కి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, మొన్న తలుపు పట్టుకుని ఆగాను కాబట్టి పడలేదు. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతున్నా. జలుబుకి మెడికల్ షాపు వాళ్లిచ్చిన మాత్రలు, మోకాళ్లకి పక్క విల్లా ఆయన ఇచ్చిన ఎసిక్లోఫెనాక్ కూడా వేసుకుంటున్నా. మా ఆవిడకి షుగర్ ఉంది, ధనుర్మాసం అని తెల్లవారుజామున నాలుగింటికే చన్నీళ్ల తలస్నానం చేసి గుడికి వెళ్తోంది, చెప్తే వినదు. చలికాలం అయ్యేదాకా బీపీ మాత్ర రెండు వేసుకోవచ్చా?

జవాబు: సార్, అడిగినదానికి ముందు సూటిగా చెప్పేస్తా, వద్దు. మీ అంతట మీరు రెండు వేసుకోవద్దు, అలాగని భయపడి మొత్తానికే మానెయ్యనూ వద్దు. ఇవాళే మీకు మాత్ర రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి, డబుల్ వేసుకుంటున్న సంగతీ రాత్రి కళ్లు తిరుగుతున్న సంగతీ రెండూ దాచకుండా చెప్పండి, పాత డోసుకే రమ్మంటారని నా అంచనా. ఫోన్ దొరికేలోపు మాత్ర టైం అయిపోతే ఆయన రాసిచ్చిన 40 ఒక్కటే వేసుకోండి. మీరు రాసినదాంట్లో ఆ 160 చూసి నాకు అంత కంగారు రాలేదు గానీ తలుపు పట్టుకుని ఆగాను అన్న చోట మాత్రం గుండె జారింది. ఈ వయసులో రాత్రిపూట బాత్‌రూమ్‌లో పడి తుంటి ఎముక విరిగి ఆపరేషన్‌కి వచ్చినవాళ్లని ప్రతి చలికాలం చూస్తాను, అప్పటిదాకా రోజుకి మూడు కిలోమీటర్లు నడిచిన మనిషి కూడా మళ్లీ తన కాళ్ల మీద తను నిలబడడానికి నెలలు పడుతుంది, కొందరు మునుపటిలా అవ్వరు కూడా.

ఇక బీపీ ఎందుకు పెరిగిందో చూద్దాం. చలి తగిలితే ఒంట్లో వేడి బయటికి పోకుండా చర్మం కిందున్న సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, గొట్టం సన్నబడితే లోపల ఒత్తిడి పెరుగుద్ది కదా, అందుకే వేసవిలో కన్నా చలికాలంలో బీపీ కొంచెం ఎక్కువే ఉంటుంది, వయసు పైబడినవాళ్లలో ఈ తేడా ఇంకాస్త ఎక్కువ. ఇది కొత్త జబ్బేం కాదు. కానీ చలి ఒక్కదాని వల్లే 130 కాస్తా 160 అయిందంటే నేను ఒప్పుకోను, మీ ఉత్తరంలోనే ఇంకో నాలుగు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది చూసుకునే పద్ధతి. చీకట్లో చలికి నడిచొచ్చి, వేడివేడి కాఫీ తాగి, పక్కన నలుగురూ నీకెంత నాకెంత అని మాట్లాడుకుంటూ, బహుశా స్వెటర్ చెయ్యి పైకి మడిచి దాని మీదే పట్టీ కట్టుకుని చూస్తే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. నెలకి రెండుసార్లు నేను ఇలాంటి కమ్యూనిటీకే వెళ్లి పెద్దవాళ్లని చూస్తుంటాను, అక్కడ కూడా అచ్చం ఇంతే. ఇంట్లో చూసుకోండి సార్. కాఫీకి ముందు, మాత్రకి ముందు, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, కుర్చీలో వీపు ఆనించి పాదాలు నేల మీద పెట్టి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చొక్కా చెయ్యి తీసేసి, మోచెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసిపెట్టుకోండి. పొద్దున, సాయంత్రం, ఏడు రోజులు. ఇంట్లో తీసిన లెక్కల సగటు 135/85 దాటితేనే డోసు గురించి మాట్లాడుకోవాల్సింది, అది కూడా మీ డాక్టర్‌తో. ఇంకోటి, ఇది మర్చిపోవద్దు, కూర్చుని చూశాక లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి కూడా చూడండి, నిలబడేటప్పుడు మీ ఆవిడనో నర్సునో పక్కన ఉండమనండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే మీ కళ్లు తిరగడానికి కారణం దొరికినట్టే, లేచి నిలబడగానే బీపీ పడిపోతోందన్నమాట.

రెండోది జలుబు మాత్రలు. షాపులో అడిగితే ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో ఫినైలెఫ్రిన్ అనో క్లోర్‌ఫెనిరమిన్ అనో ఉంటుంది, స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో రాసుంటుంది, కళ్లజోడు పెట్టుకుని చదవండి. మొదటిది ముక్కు దిబ్బడ తగ్గించడానికి రక్తనాళాల్ని ముడుస్తుంది కాబట్టి బీపీని పెంచగలదు. రెండోది మత్తుగా ఉంచుతుంది, ప్రోస్టేట్ ఉన్నవాళ్లకి మూత్రం సరిగ్గా రాకుండా చేస్తుంది, అంటే మీరు ఒక చేత్తో టామ్సులోసిన్ వేసుకుని ఇంకో చేత్తో దానికి అడ్డం పడే మందు వేసుకుంటున్నారు, పైగా ఆ మత్తులోనే మూడింటికి లేచి నడుస్తున్నారు. మామూలు జలుబుకి ఆవిరి పట్టండి, ఉప్పునీళ్ల నాజల్ డ్రాప్స్ వేసుకోండి, మిరియాల పాలు తాగండి, చాలు.

మూడోది పక్కాయన ఇచ్చిన ఎసిక్లోఫెనాక్. ఆయన మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, కమ్యూనిటీల్లో మజ్జిగ చారు గిన్నె ఇచ్చిపుచ్చుకున్నట్టు మాత్రలు కూడా ఇచ్చిపుచ్చుకోవడం నాకు బాగా తెలుసు, ఒకరి కష్టం ఇంకొకరు చూడలేరు. కానీ ఈ రకం నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పుని నీటిని పట్టి ఉంచుతాయి, బీపీ పెంచుతాయి, టెల్మీసార్టన్ పనిని తగ్గిస్తాయి, రెండూ కలిసి కిడ్నీల మీద భారం వేస్తాయి. మీ బీపీ మాత్ర పేరు పక్కన హెచ్ అనే అక్షరం ఉందేమో చూడండి, ఉంటే దాంట్లో మూత్రం ఎక్కువ పోయించే మందు కూడా కలిపి ఉన్నట్టు, అప్పుడు మీరు డబుల్ చేసింది రెండు మందుల్ని. సోడియం తగ్గి నడకలో తూలడం, మాట తికమక పడడం ఇలాగే మొదలవుద్ది. అందుకే హెచ్ ఉన్నా లేకపోయినా ఈ వారంలోనే క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది), సోడియం, పొటాషియం రక్తపరీక్షలు చేయించండి. మోకాళ్లకి వేడి కాపడం పెట్టండి, పైన రాసే జెల్ వాడండి, మరీ తప్పకపోతే పారాసెటమాల్, లివర్ సమస్య ఉంటే మాత్రం అదీ డాక్టర్‌ని అడిగే.

నాలుగోది ఉప్పు. చలికాలం కొత్త ఉసిరికాయ పచ్చడి, అప్పడాలు, వడియాలు, సంక్రాంతికి సకినాలు, చేగోడీలు.. మానెయ్యమని నేను అనను, నాకూ ఇష్టమే. రోజు మొత్తానికి ఒక టీ చెంచా ఉప్పు దాటకూడదు అన్న లెక్కలోనే పచ్చడి ఉప్పు కూడా ఉందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు రాత్రి సంగతి. చలికి మూత్రం ఎక్కువ రావడం మామూలే, దానికి భయపడి చాలామంది పగలంతా నీళ్లు తాగరు, వయసుతో దాహం తెలియడం కూడా తగ్గుతుంది, అప్పుడు ఒంట్లో నీరు తక్కువై బీపీ ఇంకా కింద పడుతుంది. గుండెకో కిడ్నీకో నీళ్లు తగ్గించమని ఎవరూ చెప్పకపోతే లీటరున్నర దాకా తాగండి, ఎక్కువ భాగం సాయంత్రం ఆరు లోపే. టామ్సులోసిన్ ఖాళీ కడుపున వేసుకోవద్దు, రోజూ ఒకే పూట భోజనం అయిన అరగంటకి వేసుకోండి. రాత్రి మెలకువ రాగానే గబుక్కున లేవకుండా మంచం అంచున కాళ్లు కిందకి వేసి కూర్చుని, మడమలు నాలుగైదుసార్లు ఆడించి, ఒక నిమిషం ఆగి అప్పుడు లేవండి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా చిన్న లైటు వెలుగుతూనే ఉండాలి. కూర్చునే మూత్రానికి వెళ్లండి సార్, మొహమాటం లేదు ఇందులో. చలికి సాక్స్ వేసుకుని టైల్స్ మీద నడిస్తే జారతారు, కింద రబ్బరు ఉన్న చెప్పులు వేసుకోండి. మీ దగ్గర బాత్‌రూమ్‌లో ఎమర్జెన్సీ బెల్ తాడు ఉండే ఉంటుంది, చాలా ఇళ్లలో అది అడ్డమని పైకి ముడేసి పెడతారు, పడ్డ మనిషికి అందేలా నేల దాకా వేలాడాలి అది, ఇవాళే విప్పండి.

వాకింగ్ మానొద్దు, టైం మార్చండి. జనవరిలో హైదరాబాద్ వైపు సూర్యుడు వచ్చేదే దాదాపు 6:45కి, మీరు అయిదింటికి నడుస్తున్నారంటే రోజులో అన్నిటికంటే చల్లగా ఉండే టైం అది, పొగ, దుమ్ము పైకి లేవకుండా మంచుతో పాటు నేల దగ్గరే ఉండిపోయే టైం కూడా. పైగా గుండెపోట్లు ఎక్కువగా వచ్చేది తెల్లవారాక మొదటి కొన్ని గంటల్లోనే, నిద్ర లేవగానే బీపీ సహజంగా పెరుగుతుంది, దానికి చలి తోడవుతుంది. ఎనిమిది దాటాక వెళ్లండి, చెవులు, తల కప్పుకోండి. విటమిన్ డి కోసమని తెల్లవారుజామునే తిరిగేవాళ్లు మీలో చాలామంది ఉంటారు, లేత ఎండలో అది తయారయ్యేది చాలా తక్కువ, పది నుంచి మూడు మధ్య ఎండ కావాలి. భోజనానికి ముందు మీరిద్దరూ కాసేపు చేతులకి, మొహానికి ఎండ తగిలేలా అరుగు మీద కూర్చోండి. నడుస్తుంటే ఛాతీలో బరువు, ఆయాసం, ఎడమ చెయ్యి లాగడం, మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒక వైపు చెయ్యో కాలో బలహీనం, వీటిలో ఏదొచ్చినా గ్యాస్ అనుకుంటూ ఇంట్లో కూర్చోకుండా వెంటనే నర్సుకి చెప్పి 108కి ఫోన్ చెయ్యండి. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలం.

అమ్మగారి గురించి. ధనుర్మాసం ఆవిడకి ఎంత ముఖ్యమో నేను అర్థం చేసుకోగలను, మా అమ్మ కూడా నెల రోజులూ ఒక్క పూట తప్పకుండా తిరుప్పావై చదివేది. కాబట్టి గుడికి వద్దు అని మీరు అనకండి, అంటే ఆవిడ అసలు వినరు. గోరువెచ్చటి నీళ్లతో మామూలు స్నానం చేసి వెళ్లమనండి, తలస్నానం ఎండ వచ్చాక. ఒక్కసారిగా చన్నీళ్లు తల మీద పడితే బీపీ పైకి ఎగురుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి కాళ్ల దగ్గర వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని పడుకోవద్దు, కాలి బొబ్బలెక్కినా తెలియదు, పొద్దున దుప్పటికి రసి అంటుకుంటే గానీ చూసుకోనివాళ్లు నా దగ్గరికి వచ్చారు. స్నానం నీళ్ల వేడి పాదంతో కాకుండా మోచేత్తో చూడమనండి. ప్రసాదం చక్రపొంగలి అయితే ఒక చెంచా, కట్టె పొంగలి అయితే చిన్న దొన్నె, దాన్నే టిఫిన్‌గా లెక్కేసుకోవాలి, దాని మీద మళ్లీ ఇడ్లీలు వద్దు. బెల్లంతో చేసింది కదా ఏం కాదు అంటారు, షుగర్‌కి బెల్లమైనా పంచదారైనా ఒకటే. భోగి మంట దగ్గర ఆయాసం ఉన్నవాళ్లెవరూ పొగ వచ్చే వైపు నిలబడొద్దని మీ కమిటీ వాళ్లకి ముందే చెప్పండి. కుంపటి గదిలోకి తెచ్చుకుని తలుపులేసుకోవడం మాత్రం ప్రాణాంతకం, ఆ విషవాయువుకి వాసన ఉండదు. ఫ్లూ టీకా ఈ ఏడాది వేయించుకోకపోతే ఇద్దరూ వేయించుకోండి, న్యుమోనియా టీకా గురించి కూడా అడగండి.

చివరగా ఒకటి, మీరు రాయలేదు గానీ నేను అడుగుతున్నా. ఈ చలికి డైనింగ్ హాల్‌కి వెళ్లడం మానేసి క్యారియర్ ఇంటికే తెప్పించుకుంటున్నారా? పుష్యంలో పూసలు గుచ్చే పొద్దుండదు అంటారు, ఆరింటికే చీకటి పడిపోతే అందరూ తలుపులేసుకుంటారు, రెండు నెలలు అలా గడిస్తే కాళ్లలో బలమూ పోతుంది, మనసూ కుంగుతుంది. సంక్రాంతికి వచ్చిన పిల్లలు వెళ్లిపోయాక మరీను, నిద్ర పట్టట్లేదు, ఆకలి లేదు అని నా దగ్గరికి ఎక్కువమంది వచ్చేది ఆ వారాల్లోనే. హాల్‌కి ఇద్దరూ నడిచి వెళ్లి, ఏడింటికల్లా నలుగురితో కూర్చుని తినండి. ఇంకో సంగతి, నవంబర్‌లో అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మీ అబ్బాయి అక్కడ పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తుంటే, అంతకుముందు మీకు రాత్రి ఎనిమిదింటికి వచ్చేది, ఇప్పుడు తొమ్మిదికి వస్తుంది. ఇలాంటి ఇళ్లలో ఫోన్ అయ్యాకే భోజనం, ఆ తర్వాత మాత్రలు, పదకొండుకి పడక, మీకూ అదే జరుగుతోందేమో చూసుకోండి. అలా అయితే అబ్బాయిని అక్కడి టైం ప్రకారం రాత్రి ఎనిమిదికి చెయ్యమనండి, మీకు పొద్దున ఏడున్నర అవుద్ది, ఇద్దరూ తీరిగ్గా మాట్లాడి ఎండలో నడకకి బయల్దేరొచ్చు. మార్చిలో అక్కడ గడియారం మళ్లీ ముందుకి జరుగుతుంది, మన దగ్గరా శివరాత్రికి చలి వెళ్లిపోతుంది, అప్పుడు బీపీ కూడా దిగుతుంది కాబట్టి చలికాలంలో ఎవరు ఏ మందు పెంచినా శివరాత్రి వెళ్లిన వారంలో మళ్లీ ఏడు రోజుల లెక్క రాసుకుని డాక్టర్‌కి చూపించండి.