మామయ్య చేబదులు పుస్తకం

ప్రశ్న: మా మేనమామ మూడు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. వయసు 46. తెనాలి దగ్గర మోటారు వైండింగ్ దుకాణం నడిపేవారు. నాకంటే పన్నెండేళ్లే పెద్ద. నాకు మామ కంటే స్నేహితుడే ఎక్కువ. నా ఇంజినీరింగ్ ఫీజులో సగం ఆయనే కట్టారు. నాట్ల సమయంలో రైతుల మోటారు కాలిపోతే రాగి తీగ ఖర్చు తనే పెట్టుకుని రాత్రికి రాత్రే చుట్టి ఇచ్చేవారు. పోవడానికి రెండు రోజుల ముందు ఫోను చేస్తే పనిలో ఉండి తీయలేదు. ‘రేపు చేస్తాను మామయ్యా’ అని మెసేజి పెట్టాను. ‘సరే తల్లీ, తీరికగా చెయ్యి’ అన్నారు. నేను చేయలేదు. ఇప్పటికీ ఏడుపు ఆగడం లేదు. కన్నతండ్రి పోయినట్టు ఇన్నాళ్లు ఏమిటని మా ఇంట్లో విసుక్కుంటున్నారు. మరో సంగతి. ఆయన చేబదులు పుస్తకంలో చాలా పేర్లున్నాయి. తీర్చినవాళ్ల పక్కన ‘ముట్టినది’ అని రాశారు. కొన్ని పేర్లను ఏమీ రాయకుండా అడ్డగీత గీసి కొట్టేశారు. మిగిలినవాళ్లను డబ్బు అడిగితే ఆయన మంచితనానికి మచ్చ అంటుంది అత్తయ్య. ఆమెకు చదువుకునే పిల్లలు ఇద్దరు. ఏం చేయాలి?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: ముందు మీ ఇంట్లోవాళ్ల మాట పక్కన పెట్టండమ్మా. మహాలయ పక్షంలో తర్పణాలు వదిలేటప్పుడు మన పెద్దలు తల్లిదండ్రులతో, తాతముత్తాతలతో ఆపలేదు. మేనమామను తలుచుకుంటారు, గురువును తలుచుకుంటారు, స్నేహితుణ్ని కూడా తలుచుకుని నువ్వులూ నీళ్లూ వదులుతారు. మీ మామయ్యకు ఆ వరుసలో రెండు చోట్లున్నాయి. అలాంటి మనిషి కోసం మూడు నెలలుగా ఏడుస్తున్నారంటే అందులో వింత ఏముంది? ఆప్తులు పోయి కనీసం 6 నెలలు దాటినా రోజువారీ బతుకు సాగనంతగా బాధ ఉంటేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని రుగ్మతగా లెక్కిస్తుంది. అయితే నిద్రా తిండీ పూర్తిగా దెబ్బతిన్నా, బతకాలని లేదనిపించినా ఆ గడువు కోసం ఆగకండి. 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ. ఏ వేళలోనైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక ఆ పుస్తకం. మీ ఉత్తరంలో నన్ను చాలాసేపు ఆపింది అదే. ‘ముట్టినది’ అని శ్రద్ధగా రాసే అలవాటున్న మనిషి కొన్ని పేర్లను ఊరికే కొట్టేశారంటే, అవి ఆయన వదులుకున్న బాకీలే అయి ఉంటాయి. ఎవరికీ చెప్పకుండా, దుకాణం కట్టేసే వేళ ఒక్కరే కూర్చుని గీసి ఉంటారు ఆ గీతలు. ఆ పేర్ల జోలికి మీరు గాని అత్తయ్య గాని వెళ్లవద్దు. మిగిలినవాటిని మాత్రం ఆయన కొట్టేయలేదు. వాళ్లు ఇస్తారన్న నమ్మకంతో ఉంచారు. ఆయన ఉంచిన లెక్కను ఆయన భార్య అడిగితే మచ్చ ఎలా అవుతుంది? మేనకోడలి ఫీజు కట్టిన మనిషి, సొంత పిల్లల ఫీజు కోసం అత్తయ్య గాజులు తాకట్టుకు వెళితే ఒప్పుకునేవారా? ఈ మాట ఆమెకు మీ నోటితో చెప్పండి. మీరు చెబితే వింటుంది.

ఆలస్యం మాత్రం చేయకండి. చేబదులుకైనా ప్రామిసరీ నోటుకైనా దావా వేయడానికి గడువు మామూలుగా 3 ఏళ్లే. ఆలోగా అప్పు తీసుకున్నవారు బాకీ ఉన్నట్టు రాసి సంతకం చేస్తే, గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. కోర్టుకు వెళ్లమని కాదు. వెళ్లవలసి వస్తే దారి మూసుకుపోకూడదని చెబుతున్నాను.

ఫోనులో అడగవద్దు. ఊళ్లో మాటకు విలువున్న పెద్దమనిషిని ఒకరిని వెంటబెట్టుకుని, సెలవు పెట్టి మీరే వెళ్లండి. వెళ్లగానే డబ్బు మాట ఎత్తకండి. మామయ్య మీకు ఎలా తెలుసు, మొదటిసారి ఏ అవసరానికి వచ్చారు అని అడగండి. ఏ ఏడు మోటారు కాలిందో, ఆ రాత్రి దుకాణంలో ఎంతసేపు కూర్చున్నారో, టీ ఎవరు తెప్పించారో చెబుతారు. వేరే పుస్తకంలో అవన్నీ రాసి పెట్టండి. నాన్న ఇంటికి ఆలస్యంగా వచ్చిన రాత్రులే ఆ పిల్లలకు గుర్తుంటాయి. ఎందుకు ఆలస్యమయ్యేదో చెప్పగలిగేది వీళ్లే. బాకీ ఉన్నవాళ్లలో కొందరు నిజంగానే ఇవ్వలేని స్థితిలో ఉండవచ్చు. వాళ్ల పేర్లు కొట్టేయడమా, ఉంచడమా అన్నది అత్తయ్య ఇష్టం. మీరు తేల్చకండి.

ఆ ఫోను సంగతి. ఆయన ఎందుకు చేశారో మీకు ఇక తెలియదు. ఆ ముల్లు కొన్నాళ్లు గుచ్చుతుంది, నా మాటలతో రాదు. కాని ఆయన జవాబు మరోసారి చదవండి. ‘తీరికగా’ అని రాశారు. మీ పని, మీ అలసట తెలిసినవాళ్లు రాసే మాట అది. ఆ మెసేజీని, ఆయన గొంతుతో పంపినవి ఉంటే వాటిని, ఫోను పాడయ్యేలోగా కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఈసారి ఊరు వెళ్లినప్పుడు ఒకటి అత్తయ్యకు వినిపించండి, ఆమె వింటానంటేనే.