రైటింగ్ క్లాసులో నా మొదటి ఆరు వారాలు: 'మేఘావృతం' పోయి 'మొగులు' వచ్చింది

డిగ్రీలో తెలుగు క్రియేటివ్ రైటింగ్ ఎలక్టివ్ తీసుకోవచ్చా, ఇంగ్లీష్ మీడియంలో చదివాను, ఒత్తులు తప్పుతాయి, అందరి ముందు పరువు పోతుందేమో అని ఒకరు నన్ను అడిగారు. నేను ఇప్పుడు హైదరాబాద్‌లో అలాంటి క్లాసులోనే ఉన్నాను. ఆరు వారాలైంది. పరువు సంగతి ముందే చెప్తా: పోతుంది. నాది రెండో క్లాసులోనే పోయింది.

నాదీ ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియమే. రెండు క్రెడిట్లే కదా, ఖాళీ పీరియడ్ లాంటిదనుకుని పేరిచ్చాను. జులై చివర్లో, బయట ముసురు పట్టి ఉండగా, మేడం 'వాన' మీద రాసుకు రమ్మన్నారు. నేను 'ఆకాశం మేఘావృతమై, ప్రకృతి మాత పులకించి' అంటూ పేజీన్నర లాగించాను. స్కూల్లో అలా రాస్తేనే మార్కులు పడేవి మరి.

చదవడం అయ్యాక మేడం తిట్టలేదు. "వాన పడితే మీ ఇంట్లో అన్నిటికంటే ముందు తడిసేది ఏది?" అన్నారు. మాది బోడుప్పల్‌లో కింది పోర్షన్. కాసేపు ఆలోచించి, మెట్ల కింద చెప్పుల స్టాండు అన్నాను.

"వాన వస్తుందని ముందు ఎవరికి తెలుస్తుంది?"

"మా నాయనమ్మకు మేడం."

"ఏమంటుంది?"

"మొగులైంది, బట్టలు తియ్యి బిడ్డా అంటది."

క్లాసంతా నవ్వింది. మేడం మాత్రం బోర్డు మీద 'మొగులు' (మబ్బుకు మా తెలంగాణ మాట) అని రాసి, దాని కింద 'మేఘావృతం' రాసి, "నువ్వు పుట్టినప్పటి నుంచి వింటున్నది ఏది?" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎనిమిదో తరగతిలో ఇలాంటి మాటే రాస్తే ఒక టీచర్ ఎర్ర ఇంకుతో కొట్టేసి 'మోటు భాష' అని రాశారు. అప్పటి నుంచి ఇంట్లో మాట్లాడేది ఒకటి, నోట్‌బుక్‌లో రాసేది ఇంకొకటి. ఇంకో తమాషా చూడండి. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజుకు స్కూల్లో ఏటా స్పీచ్‌లు ఉండేవి. మాట్లాడే భాషలో రాయాలని ఆయన జీవితమంతా కొట్లాడారని చెప్పే ఆ స్పీచ్‌ని మేం పక్కా గ్రాంథికంలో బట్టీ పట్టేవాళ్లం. జనం మాట్లాడే యాసలోనే రాయాలన్న తెలంగాణ కవి కాళోజీ పుట్టినరోజుకూ, సెప్టెంబర్ 9న, అదే తంతు.

క్లాసు ఎలా నడుస్తుందంటే, మొదట పది నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టి రాయాలి. తర్వాత ముగ్గురు నలుగురు చదువుతారు, మిగతావాళ్లు అభిప్రాయం చెప్తారు. అప్పుడు రాసినవాళ్లు నోరెత్తకూడదు. ఇది చాలా కష్టం. ఉప్పల్ రింగ్ రోడ్ బస్టాప్ మీద నేను రాసినది విని ఒకబ్బాయి "నాలుగో వాక్యం నుంచి మొదలైతే చాలు" అన్నాడు. ఆ మొదటి మూడు వాక్యాల కోసం రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను! ఇంటికెళ్లి తీసేసి చూస్తే బాగానే ఉంది. వాడి మీద కోపం మాత్రం ఇంకా పోలేదు.

ఒత్తుల గురించి టెన్షన్ పడకండి. మేడం పెన్సిల్‌తో చుట్టి ఇస్తారు గానీ పైకి చదవరు. ఒక శనివారం మమ్మల్ని సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి పంపి, ఏదైనా పాత పుస్తకంలోంచి ఒక పేజీ చేత్తో ఎత్తి రాసుకు రమ్మన్నారు. 1901లో, నిజాం కాలంలో పెట్టిన లైబ్రరీ అది. ఆ బజార్లో ఎన్నిసార్లు చున్నీలు కొన్నానో, అక్కడ అదొకటి ఉందని తెలియనే తెలియదు. చెయ్యి నొప్పి పుట్టింది కానీ, ల, ళ దగ్గరా శ, ష దగ్గరా నేను ఎక్కడెక్కడ తప్పుతున్నానో ఆ ఒక్క పేజీతో తెలిసిపోయింది. క్లాసులో చేరినా చేరకపోయినా ఇది చేసి చూడండి.

ఇబ్బందులు లేవని కాదు. క్లాసులో 38 మందిమి, ఉన్నది గంట. చదివే వంతు ఎప్పటికో గానీ రాదు. మార్కులు దేన్ని చూసి వేస్తారో అడిగితే, సరైన జవాబు ఇప్పటికీ రాలేదు. జీపీఏ లెక్కలు ముఖ్యమైతే సీనియర్లను కనుక్కున్నాకే పేరివ్వండి.

మొన్న వాన ముక్కను మళ్లీ రాసి, చెప్పుల స్టాండుతో మొదలుపెట్టి నాయనమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "చెప్పుల స్టాండు గాదు బిడ్డా, ముందుగాల తడిసేది నా మంచమే. కిటికీ కాడ ఉన్నది, ఎవ్వలు జూస్తున్నరు?" అంది.

గురువారం క్లాసులోపు మళ్లీ రాయాలి.